ఆ అర్జీలో మా చిన్నమ్మ లేదు

మా టౌను పేరు రాయను. పల్నాడులో పత్తి, మిరప యాపారం మీద బతికే టౌన్లలో ఒకటనుకోండి. మధ్యలో రైలుకట్ట. కట్టకి పడమర శివాలయం, బజారు, కాలేజీ, డాక్టర్ల వీధి. తూర్పున మా మాదిగపల్లె. కట్టకీ పల్లెకీ మధ్య ఒక పత్తి మిల్లు. నా చిన్నప్పుడు అది ఆడుతుండేది. మా అమ్మా, మా చిన్నమ్మా అందులోనే పనిచేశారు. సాయంత్రం ఇంటికొస్తే దూది దుమ్ముకి ఇద్దరి తలలూ నెరిసినట్టుండేవి. మిల్లు మూతబడ్డాక అమ్మ మిరపకోతలకి పోయింది. చిన్నమ్మ రికార్డింగు డాన్సుకి పోయింది.

చరిత్ర రాయమంటే ఈడు వాళ్ల చిన్నమ్మ సంగతి చెబుతున్నాడేందని అనుకోవద్దు. మా చరిత్ర శాసనాల్లో లేదు, కైఫీయతుల్లో లేదు. ఉంటే గింటే పోలీసు స్టేషను పుస్తకంలో ఉంటది.

సినిమా పాట రికార్డు పెట్టి దానికి ఆడతారు కాబట్టి దానికా పేరు. గ్రామఫోను పోయి టేపొచ్చినా, టేపు పోయి సీడీ వచ్చినా పేరు మాత్రం మారలేదు. కోటప్పకొండ తిరునాళ్లలో శివరాత్రికి ప్రభలు కడతారు గదా, ఆ ప్రభల ముందు స్టేజీలేసి తెల్లార్లూ ఆడించేవాళ్లు. మొగోళ్లకి హీరోల డూపు వేషాలు. ఆడోళ్లకి తళుకుల గుడ్డలు. నోట్లు తెచ్చి జాకెట్టుకి పిన్నుతో గుచ్చేవాళ్లు. పోలీసు జీపు లైట్లు కనపడగానే పాట మార్చి దేవుడి పాట పెట్టేవాళ్లు. జీపు పోయాక మళ్లా మామూలే. చిన్నమ్మకి రాత్రికి 150 రూపాయలు ముట్టేది. మిరపకోతలో అమ్మకి రోజంతా వంగుంటే 25. ఈ రెండంకెలు గుర్తుపెట్టుకోండి. మా టౌన్లో జరిగిన చర్చ మొత్తంలో ఈ రెండంకెలు ఎవరి నోటా రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు రగిలించిన సారా పోరాటం వల్ల 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మందే పోయింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఎత్తేసిన ఏడాదే మా టౌన్లో ఒక ఆసామి బజారు మధ్యనున్న పాత సినిమా హాలు కొని, కింద బారు, మేడ మీద రోజూ రికార్డింగు డాన్సు అని చాటించాడు. తిరునాళ్లకి రెండు రాత్రులు ఆడేది ఇంక 365 రాత్రులూ ఆడతదన్నమాట.

టౌను భగ్గుమంది. శివాలయానికి వంద గజాల్లో ఈ పాడు పనేందన్నారు. కాలేజీ పిల్లలు చెడిపోతారన్నారు. కల్యాణమండపంలో సభ పెట్టారు. వకీళ్లు, లెక్చరర్లు, రోటరీ వాళ్లు, ఆడోళ్ల సంఘం వాళ్లు అందరూ మాట్లాడారు. ఊరి సంస్కృతి అన్నారు, తెలుగుదనం అన్నారు. నేను డిగ్రీ మూడో సంవత్సరం. వెనక గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. అక్కడ మాట్లాడిన పెద్దల్లో ముగ్గురిని నేను తిరునాళ్లలో ముందు వరస కుర్చీల్లో చూశాను. నోటు గుచ్చేటప్పుడు కూడా చూశాను.

ఇది కొత్త తగువేం కాదు. 1893లో మద్రాసులో సంఘ సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకీ మహజరు పంపారు, నాచ్ పెట్టిన విందులకి తమరు వెళ్లొద్దని. వాటిల్లో తప్పేం కనపడలేదని దొరలిద్దరూ జవాబిచ్చారు. మన కందుకూరి వీరేశలింగం గారూ భోగం మేళాల మీద గట్టిగా రాశారు. రాయాల్సిందే, కాదనను. కానీ మేళం పెట్టించే జమీందారూ, వద్దనే సంస్కర్తా రెండు కులాల వాళ్లా? ఒకే బంతిలో కూచుని తినగలిగిన వాళ్లే. ఆడే మనిషి ఒక్కతే బంతి బయట. ముత్తులక్ష్మీ రెడ్డి గారి సంగతి వేరు. ఆమె తల్లి దేవదాసీ కులంలో పుట్టిన మనిషి, ఆమె కోపం కడుపులోంచి వచ్చింది. ఆమె 1927లో మద్రాసు శాసనమండలిలో ఎత్తిన మాట 1947లో చట్టమైంది. గుడికి ఆడపిల్లని ఇవ్వడం నేరమైంది. కానీ ఆ చట్టం మద్రాసు రాష్ట్రం వరకే. నైజాం ఇలాకాలో ఎల్లమ్మ పేరు మీద మాల మాదిగ పిల్లల్ని జోగినీలుగా విడవడం ఆగలేదు. వాళ్లకీ వర్తించేట్టు ఆంధ్రప్రదేశ్‌లో చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. 41 ఏళ్లు. గుడిలో ఆడిన దాని మీద కనపడ్డ మచ్చ గూడెంలో ఆడిన దాని మీద కనపడలేదు. కూచిపూడి బ్రాహ్మణ మొగోళ్లు ఆడవేషం కట్టి ఆడింది మాత్రం ఈలోపు శాస్త్రీయ కళ అయి కూచుంది.

మా టౌను సంగతికొస్తాను. పది రోజుల తర్వాత రాజీ కుదిరింది. ఎవరు కుదిర్చారో, ఎంతకి కుదిరిందో నాకు తెలవదు. బజార్లో వద్దు, కట్టకి తూర్పునున్న మూతబడ్డ పత్తి మిల్లులో పెట్టుకోమన్నారు. అంతే, సభలు ఆగిపోయినై. సంస్కృతి రైలుకట్ట కాడ దిగిపోయింది.

అప్పుడు మా పల్లెలో సభ పెట్టాం. చర్చి ముందు, వేపచెట్టు కింద. పెట్టింది మేమే, అంబేద్కర్ యువజన సంఘం కుర్రాళ్లం. పాస్టరు గారు సొదొమ గొమొర్రా సంగతి చెప్పారు. ఆ తర్వాత నేను లేచాను. అప్పటికి బాబాసాహెబ్ ప్రసంగాలు కొన్ని చదివున్నాను. 1936 జూన్‌లో బొంబాయి పరేల్‌లో దామోదర్ హాలులో ఆయన దేవదాసీలకీ, మురళీలకీ, జోగినీలకీ చెప్పిన మాటలు నా మాటల్లో చెప్పాను. కామాటిపురాలో ఆ బతుకు జాతికి సిగ్గు అనీ, అది వదిలి అందరిలాంటి కాపురపు బతుకు బతికితేనే మాతో రాగలరనీ చెప్పాడని అన్నాను. కామాటిపురా అన్న పేరే మన తెలుగు దేశం నుంచి పోయిన కామాటీ కూలీల వల్ల వచ్చిందని కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంకో సంగతి కూడా చెప్పాను. మహద్ సత్యాగ్రహానికి తమాషా పాటగాడు పఠ్ఠే బాపూరావు చందా ఇవ్వబోతే, మహార్ ఆడోళ్లని ఆడించి సంపాయించిన డబ్బు మాకొద్దని బాబాసాహెబ్ తిప్పికొట్టాడని. బాపూరావు పుట్టుక బ్రాహ్మడు. ఆయన జతగత్తె పవళ మహార్ మనిషి. అక్కడ మళ్లా చప్పట్లు.

మా అమ్మ లేచింది. సభల్లో లేచే మనిషి కాదు. "నా సెల్లి ఆడితే సూడ్డానికి ఆళ్ల మొగోళ్లు కట్ట దాటొస్తారు. ఆళ్ల పిల్ల ఆడితే సూడ్డానికి మనల్ని కట్ట దాటనిస్తారా?" అంది. అంతే అని కూచుంది. ఆ మాటకి మించి ఈ విషయం మీద నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చిన్నమ్మ కూడా అక్కడే ఉంది. పంపు దగ్గర, బిందె మీద చెయ్యేసుకుని.

అర్జీ నేనే రాశాను. మునిసిపాలిటీకి ఒకటి, ఆర్డీవోకి ఒకటి. నా దస్తూరీ బాగుంటదని ఎప్పుడూ నాచేతే రాయించేవాళ్లు. "అసభ్య నృత్యాలు", "మా కుల స్త్రీల మానమర్యాదలు", "వ్యభిచార కేంద్రం". ఈ మాటలు నాకు కల్యాణమండపం సభలో దొరికినై. నిజం చెప్పాలంటే అక్కడి తీర్మానమే తిరగరాసి, ఊరు అన్నచోట కులం అని పెట్టాను. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. 212 పడినై. చిన్నమ్మ ఇంటికాడ చదివి వినిపించమంది. ఆమెకి చదువు రాదు. చదివాను.

"ఇందులో నేను యాడున్నానబ్బాయ్?" అంది.

"నీ గురించి కాదు చిన్నమ్మా. మన ఆడోళ్లందరి గురించి."

"అందర్లో నేను లేను గదా మరి. నేనుంటే ఆ మాట రాయవు నువ్వు."

వేలిముద్ర వెయ్యలేదు. అయినా నన్ను కూచోబెట్టి అన్నం పెట్టింది. తింటుంటే చెప్పింది, ఆ మిల్లు మేడ మీద ఆడమని ముందు తననే అడిగారంట. ఒప్పుకోలేదంట. "తిరునాళ్లంటే తెల్లారితే అయిపోద్ది. ఇంటి పక్కనే అయితే తెల్లారదు" అంది. అంటే హాలు వద్దన్న దానిలో ఆమె మాతోనే ఉంది. ఆ సంగతి అడిగి తెలుసుకోవాలని నాకు తట్టలేదు. రాసే వాడిని నేను గదా.

మేం గెలిచాం. డాన్సు హాలుకి అనుమతి రాలేదు. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చినై. మరుసటేడు అదే మిల్లు ముందు గదిలో వైన్ షాపు తెరిచారు. దాని మీద కల్యాణమండపంలో సభ పెట్టలేదు, మా అర్జీని ఎవరూ లెక్కపెట్టలేదు. సంజకి పల్లె మొగోళ్లు కట్ట దాటే పనే లేకుండా పోయింది. అమ్మ 25 రూపాయల్లో ఎంత మిగిలేదో చెప్పక్కర్లేదు. ఇంకోటి జరిగింది. ఆ శివరాత్రికి మా చుట్టుపక్కల రికార్డింగు డాన్సులు పోలీసులు ఆపేశారు. ప్రజల నుంచే ఫిర్యాదులున్నాయి అన్నారంట. ప్రజలంటే మేమే. చిన్నమ్మ మేళం చెదిరిపోయింది. ఆమె అమ్మతో పాటు మిరపకోతకి వచ్చింది. కోతల్లో చేతులు మండి రాత్రిళ్లు మజ్జిగలో పెట్టుకుని కూచునేది.

2005లో బొంబాయి డాన్సు బార్ల గొడవ పేపర్లలో చూసినప్పుడు నాకు చెమట పట్టింది. అవే మాటలు. హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్ యువత చెడిపోతుందన్నాడు. అసెంబ్లీలో అన్ని పార్టీలూ చేతులెత్తినై. ఆగస్టు 15 నుంచి బార్లలో డాన్సు బందు. స్వాతంత్ర్యం వచ్చిన రోజే చూసుకుని పెట్టారు. మూడు నక్షత్రాలు, ఆ పైన ఉన్న హోటళ్లకి మాత్రం మినహాయింపు. అంటే ధనికుల ముందు ఆడితే కళ, కూలి డబ్బుల ముందు ఆడితే బూతు. మాకు రైలుకట్ట ఎట్టాంటిదో వాళ్లకి ఆ నక్షత్రాలు అట్టాంటివి. సుమారు 75,000 మంది ఆడోళ్ల పని పోయిందన్నారు. వాళ్లలో తరతరాలుగా ఆటపాటలే కులవృత్తిగా రుద్దబడ్డ వాళ్లు చాలామంది. దళిత ఆడోళ్ల సంఘాల్లోనే రెండు మాటలు వచ్చినై. కులం మెడకి కట్టిన ఆట పోవాల్సిందే అన్నవాళ్లున్నారు. ముందు కూడు చూపించి తర్వాత ఆట మాన్పించండి అన్నవాళ్లున్నారు. నాకు ఒకరి మాట మా అమ్మ గొంతులో, ఒకరి మాట మా చిన్నమ్మ గొంతులో వినపడింది.

2006 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ చట్టం చెల్లదంది. 2013 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. పని పోయి చాలామంది ఒళ్లమ్ముకునే గతికి వచ్చారని, మందు రోగం కన్నా చెడ్డదైందని కోర్టే అంది. ఏడాది తిరక్కుండా 2014లో సర్కారు మళ్లా చట్టం చేసింది, ఈసారి నక్షత్రాల హోటళ్లని కూడా కలిపి. దాన్ని కోర్టు ఆపితే 2016లో ఇంకోటి. గుడికీ బడికీ కిలోమీటరు దూరముండాలి, సీసీ కెమెరాలుండాలి అన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రెండూ కొట్టేసింది, నోట్లు విసరడం మాత్రం వద్దంది. ఇన్నేళ్ల కొట్లాటలో ఒకటి మాత్రం మాకన్నా మేలు. అక్కడ బారు అమ్మాయిలకి సంఘం ఉంది, వీధిలోకి వచ్చారు, కోర్టుకి పోయారు. తమ పేరు మీద అర్జీ పెట్టుకున్నారు.

ఆ తర్వాత బాబాసాహెబ్ 1936 ప్రసంగం మళ్లా తీసి చదివాను. మాట కటువే. ఆ కటువుదనం గురించి ఇవాళ దళిత ఆడోళ్లే వాదిస్తున్నారు. షైలజా పాయిక్ 2022లో తమాషా ఆడోళ్ల మీద రాసిన పుస్తకం ఈ ముడినే పట్టుకుంది. వాదించాల్సిందే. నాకు మాత్రం వేరే సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. మతం మారతానన్న ఆయనకి మద్దతు చెప్పడానికి ఆ ఆడోళ్లే వచ్చి సభలో కూచున్నారు. ఆయన ఆ మాటలు వాళ్ల మొహం చూసి, వాళ్లకే చెప్పాడు. నేను అవే మాటలు పంపు దగ్గర నిలబడ్డ మనిషిని చూడకుండా, చప్పట్లు కొట్టే మొగోళ్లని చూసి చెప్పాను.

మిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఏసీ ఫంక్షన్ హాలు కట్టారు. పెళ్లిళ్లకి ముందురోజు సంగీత్ అని పెడుతున్నారు. డాక్టర్ల వీధి ఆడపిల్లలు, కోడళ్లు, అత్తలు కూడా స్టేజీ ఎక్కి సినిమా పాటలకి ఆడుతున్నారు. ఆడితే నాకేం అభ్యంతరం లేదు, చక్కగా ఆడమనండి. చిన్నమ్మ అక్కడ గిన్నెలు కడగడానికి పోతది. అరవై దాటింది. మొన్న పండక్కి పోయినప్పుడు అడిగాను, ఆ పాటలు వినపడితే నీకేమనిపిస్తది చిన్నమ్మా అని.

"ఏమనిపిస్తది. రెండో చరణం కాడ అందరూ అడుగు తప్పుతున్నారు" అంది.