నాలుగక్షరాల్లో ఇమడని యూంగ్

కాలేజీల్లో ఉద్యోగ శిక్షణ తరగతుల దగ్గర నుంచి పెద్ద కంపెనీల వర్క్‌షాపుల దాకా ‘నీది ఏ టైప్?’ అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. జవాబుగా నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి, ఐఎన్‌ఎఫ్‌పీ అనో ఈఎస్‌టీజే అనో. మొత్తం 16 రకాలు. ఈ అక్షరాల వెనుక స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఉన్నాడని చాలామందికి తెలుసు. ఆయన ఆలోచన ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలిసినవాళ్లు తక్కువ. యూంగ్ 1921లో రాసింది మనిషి ఎలా ఎదుగుతాడో, ఎదిగే దారిలో తనలో దేన్ని వెనక్కి నెట్టేసుకుంటాడో చెప్పే పుస్తకం. తర్వాతి అరవై ఏళ్లలో అదే ఆలోచన ‘నువ్వు ఇదీ’ అని నుదుట వేసే ముద్రగా మారింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కొలవాలన్న అవసరం సిద్ధాంతాన్ని తనకు కావలసిన ఆకారంలోకి వంచుకుంది. పోయింది మాత్రం ఆ సిద్ధాంతంలో అన్నిటికన్నా విలువైన భాగమే.

మొదట్లో ఉన్నది ఒక తగాదా. 1911లో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ వియన్నాలో ఫ్రాయిడ్ బృందం నుంచి విడిపోయాడు. మనోవ్యాధికి మూలం అణచిపెట్టిన కామవాంఛ అని ఫ్రాయిడ్ అంటే, తాను తక్కువవాణ్నన్న బాధ, దాన్ని మించి పైచేయి సాధించాలన్న తపన అని ఆడ్లర్ అన్నాడు. ఇద్దరూ మేధావులే, ఇద్దరూ రోగులను ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాళ్లే. ఒకే రోగిని ఇద్దరి ముందూ కూర్చోబెడితే రెండు వేర్వేరు కథలు వస్తాయి, రెండూ నమ్మదగ్గవిగానే ఉంటాయి. ఎవరిది తప్పు అని తేల్చే పని యూంగ్ పెట్టుకోలేదు. చూసేవాడి మనసు ఎటు తిరిగి ఉందని అడిగాడు. ఫ్రాయిడ్ చూపు మనిషి కోరుకునే బయటి వస్తువు మీద నిలుస్తుంది, ఆడ్లర్ చూపు కోరుకునే ‘నేను’ మీద నిలుస్తుంది. 1913 సెప్టెంబరులో మ్యూనిక్‌లో జరిగిన అంతర్జాతీయ మనోవిశ్లేషణ మహాసభలో యూంగ్ ఈ వాదాన్ని బహిర్ముఖత, అంతర్ముఖత అన్న మాటలతో వినిపించాడు. ఆయనా ఫ్రాయిడూ ఎదురుపడటం అదే ఆఖరు. సిద్ధాంతం పుట్టిన చోటే దాని ఉద్దేశం కనిపిస్తోంది. ఎదుటివాణ్ని తూచడం కన్నా, నేను సత్యమనుకుంటున్న దానిలో నా స్వభావం పాలెంత అని ప్రతి మనస్తత్వవేత్తా తనను తాను అడగాలన్నది యూంగ్ పట్టుదల. అందులో తనకూ మినహాయింపు ఇచ్చుకోలేదు.

మినహాయింపు ఇచ్చుకోలేదనడానికి సాక్ష్యం 1915, 1916 నాటి ఉత్తరాలు. బాసెల్‌కు చెందిన వైద్యుడు హాన్స్ ష్మిడ్‌, యూంగ్ ఇద్దరూ స్నేహితులు. యూంగ్ ఆలోచనతో నడిచే అంతర్ముఖుడు, ష్మిడ్ భావంతో నడిచే బహిర్ముఖుడు. తమ ఇద్దరి మధ్యా ఉన్న తేడాను తామే ఉత్తరాల్లో పరీక్షించి చూద్దామనుకున్నారు. మొదటి ఉత్తరాల్లో మర్యాద, ఉత్సాహం ఉన్నాయి. పోనుపోను అపార్థాలు పెరిగాయి. ఒకరు రాసింది రెండోవారికి మరోలా వినిపించింది, చివరికి ఒక అంగీకారానికి రాకుండానే ఆ రాతకోతలు ఆగిపోయాయి. ఆ వైఫల్యమే యూంగ్‌కు పాఠమైంది. అంతవరకూ ఆయన ఆలోచన అంటే అంతర్ముఖత, భావం అంటే బహిర్ముఖత అని కలిపి చూసేవాడు. తర్వాత వాటిని విడదీశాడు. స్ఫురణతో నడిచే మనుషుల రకాన్ని మొదట గుర్తించిన ఘనత తన సహోద్యోగి మరియా మోల్‌ట్సర్‌దేనని పుస్తకంలో ఒప్పుకున్నాడు, ముందుమాటలో ష్మిడ్‌కు కృతజ్ఞత చెప్పాడు. ‘మానసిక రకాలు’ అన్న ఆ పుస్తకంలో 11 అధ్యాయాలున్నాయి. అందరూ వెతుక్కునే రకాల వర్ణన వచ్చేది పదో అధ్యాయంలో. అంతకు ముందున్నదంతా తెర్తూలియన్, ఓరిజన్, షిల్లర్, నీషే, విలియం జేమ్స్ వంటివారి తగవుల చరిత్ర.

యూంగ్ లెక్కలో మనోవ్యాపారాలు నాలుగు. ఎదుట ఒక వస్తువు ఉందని చెప్పేది ఇంద్రియ సంవేదన. అది ఏమిటో చెప్పేది ఆలోచన. దాని విలువ ఎంతో చెప్పేది భావం. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు పోబోతోందో పసిగట్టేది స్ఫురణ. ఇక్కడ భావమంటే ఆవేశమో ఏడుపో అనుకుంటే యూంగ్ అర్థం కాడు. మంచీచెడూ తూచే తూనిక అది, అందుకే ఆలోచనతో పాటు దాన్నీ ఆయన వివేచన కోవలోనే పెట్టాడు. ఆలోచనకు ఎదురు భావం, సంవేదనకు ఎదురు స్ఫురణ. పుట్టుకతో వచ్చిన మొగ్గు వల్లా, లోకం అడిగేదాని వల్లా మనిషి ఒకదాన్ని పదును పెట్టుకుంటాడు. దానికి ఎదురుగా ఉన్నది వాడకం లేక పసితనంలోనే ఆగిపోయి, మనసు అడుగున పడి ఉంటుంది. రోజంతా ఫైళ్ల మధ్య తర్కంతో నెగ్గుకొచ్చే పెద్ద అధికారి, శుభలేఖలో తన పేరు కింద వేశారన్న ఒక్క కారణంతో సొంత అన్నతో ఏళ్ల తరబడి మాట్లాడటం మానేశాడనుకోండి. ఆ అలకలో ఆయన వయసు అయిదేళ్లు. యూంగ్ చూపించింది సరిగ్గా ఆ అయిదేళ్ల పిల్లవాణ్నే. నడివయసు దాటాక ఆ వెనకబడ్డ భాగం తలుపు తడుతుంది, దాన్ని లోపలికి రానిచ్చినవాడే నిండు మనిషి అవుతాడు అన్నది ఆయన మాటల సారం. రెండు ఎదుర్ల మధ్య దారి వెతుకుతూ ఇదే పుస్తకంలో మనుస్మృతి, భగవద్గీత, పతంజలి యోగసూత్రాల దాకా వెళ్లాడు. అక్కడ ఆయనకు నచ్చిన మాట ‘నిర్ద్వంద్వ’, అంటే ఎదుర్లను దాటినది. రకాల గురించి రాసిన పుస్తకం, రకాన్ని దాటి పోవడం గురించి ఇంతగా ఆలోచించిందన్న సంగతి ఈనాటి పట్టికల్లో ఎక్కడా కనబడదు.

1923లో పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అమెరికాలో దాన్ని ఆబగా చదివినవారిలో కేథరిన్ బ్రిగ్స్ ఒకరు. యూంగ్ పుట్టిన 1875లోనే పుట్టిన గృహిణి, మనస్తత్వశాస్త్రంలో ఏ పట్టా లేదు. కూతురు ఇసబెల్ పెళ్లాడదలచిన యువకుడి ఆలోచనా తీరు తమ ఇంటి తీరుకు భిన్నంగా ఉందని గమనించి, జీవిత చరిత్రలు చదువుతూ మనుషుల రకాలు తానే గుర్తించడం మొదలుపెట్టారు. యూంగ్‌ను చదివాక తన పని పక్కన పెట్టి, 1926లో ‘న్యూ రిపబ్లిక్’ పత్రికలో ఆయన రకాల మీద వ్యాసం రాశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కూతురు అందుకున్నారు. మగవాళ్లు యుద్ధానికి పోతే ఫ్యాక్టరీ పనుల్లోకి కొత్తగా వస్తున్న ఆడవాళ్లకు ఎవరికి ఏ పని నప్పుతుందో తెలిస్తే బాగుంటుందని ఇసబెల్ మైయర్స్ ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు. ఫిలడెల్ఫియాలో ఒక బ్యాంకు సిబ్బంది వ్యవహారాలు చూసే ఎడ్వర్డ్ హే దగ్గర పరీక్షలు తయారుచేసే పద్ధతి, గణాంకాలు నేర్చుకున్నారు. తర్వాత వేలాది వైద్య విద్యార్థుల చేత ఆ ప్రశ్నలు రాయించారు. 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ ఆ ప్రశ్నావళిని పరిశోధన కోసం ప్రచురించింది. 1975లో మరో ప్రచురణకర్త చేతికి వెళ్లాక అది బజారంతా అల్లుకుంది.

నాలుగో అక్షరం ఇసబెల్ చేర్చినదే, అది చాలా తెలివైన చేర్పు. ఆమె తనను తాను ఐఎన్‌ఎఫ్‌పీగా చెప్పుకునేవారు, అదే తీసుకుందాం. చివరి ‘పీ’ అంటే ఆమె లోకానికి చూపించేది గ్రహించే వ్యాపారం, అంటే ‘ఎన్’, స్ఫురణ. మొదటి ‘ఐ’ అంటే అంతర్ముఖురాలు. అంతర్ముఖులు తమలో బలమైనదాన్ని లోపల దాచుకుని రెండోదాన్ని బయటికి పంపుతారు. కాబట్టి ఆమెలో రాణి ‘ఎఫ్’, లోపలికి తిరిగిన భావం. స్ఫురణ మంత్రి. మూడోది సంవేదన. అట్టడుగున మిగిలింది ఆలోచన. నాలుగక్షరాల్లో ఒక మనసు లోపలి కొలువు మొత్తం మడిచి పెట్టారన్న మాట. మంత్రికి సంబంధించి యూంగ్ రాసిన కొద్ది మాటలను ఆమె తనదైన తీరులో చదివి కట్టిన కట్టడం ఇది. ఆ చదువు సరైనదేనా అన్న చర్చ యూంగ్ అనుయాయుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

చిక్కు వచ్చింది కొలతలో. ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒక జంటకు, అంటే అంతర్ముఖత, బహిర్ముఖత వంటి రెండు ఎదుర్లకు, 21 ప్రశ్నలున్నాయనుకుందాం. 11 ఇటు, 10 అటు వచ్చిన అమ్మాయి అంతర్ముఖి. 10 ఇటు, 11 అటు వచ్చిన పక్కమ్మాయి బహిర్ముఖి. 21కి 21 వచ్చిన మూడో అమ్మాయి మొదటి అమ్మాయితో ఒకే గదిలో ఉంటుంది. నిజంగా రెండు జాతుల మనుషులుంటే మార్కులు రెండు గుట్టలుగా పోగుపడాలి. అలా పడవు, ఎక్కువమంది నడిమధ్యనే ఉంటారు. అందుకే అయిదు వారాల తేడాతో మళ్లీ రాయిస్తే సగం మంది దాకా రకం మారవచ్చని 1993లో డేవిడ్ పిట్టెంజర్ తన సమీక్షలో చూపించాడు. అంతకు ముందే, 1991లో, అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వృత్తి సలహాలకు దీన్ని వాడటానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. ఎదుగుతూ మారే మనసును చెప్పవలసిన పరీక్ష, మార్పు కనబడగానే దాన్ని తన లోపంగా చూసుకోవలసిన స్థితికి వచ్చింది. మనుషులకు చూడగానే పేర్లు అంటించడం పిల్లల ఆట వంటిదని యూంగ్ 1934లోనే, తన పుస్తకం అర్జెంటీనా ప్రచురణకు రాసిన ముందుమాటలో హెచ్చరించి ఉన్నాడు.

ఇసబెల్ లేకపోతే యూంగ్ కొద్దిమంది పండితుల అల్మారాలో మిగిలిపోయేవాడు కదా అని అడగవచ్చు. న్యాయమైన మాటే. ఆనాటి ప్రశ్నావళులు ఎక్కువగా మనిషిలో జబ్బు వెతుకుతుంటే, ఆమె ప్రతి రకంలోనూ ఒక వరం చూపించారు. ఎందరో అంతర్ముఖులైన పిల్లలకు ‘నాలో లోపం లేదు’ అన్న ధైర్యం ఇచ్చిన మనిషి ఆమె. 1980లో, ఆమె చనిపోయిన ఏడాదే వచ్చిన ఆమె పుస్తకంలో చివరి భాగమంతా ఎదుగుదల గురించే. అంటే ఆమె మరచిపోలేదు, ఆ భాగం ప్రశ్నపత్రంలోకి ఎక్కలేదు. రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. యూంగ్ చెప్పిన ఎదుగుదలకు మాత్రం రుజువుందా? లేదు. 1989లో మనస్తత్వవేత్తలు మెక్రే, కోస్టా జరిపిన పరిశీలనలో నాలుగు జంటలూ ఈనాటి అయిదు గుణాల నమూనాలో నాలుగింటితో సరిపోలాయి గానీ, రాణీ మంత్రీ అన్న అమరికకు ఆధారం దొరకలేదు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా మొదటి వ్యాపారం, ఇరవై దాకా రెండోది అంటూ 1983లో హెరాల్డ్ గ్రాంట్ బృందం వేసిన వయసుల పట్టిక కూడా ఒక ఊహగానే మిగిలింది. కాబట్టి దీన్ని సైన్సుగా నమ్మమని నేను అనను. అయితే ‘నేను ఏ రకం’ అన్న ప్రశ్న దగ్గర మనిషి ఆగిపోతాడు, ‘నేను దేన్ని ఎదగనివ్వలేదు’ అన్న ప్రశ్న మనిషిని కదిలిస్తుంది. రుజువు లేని రెండింటిలో ఒకదాన్ని ఉంచుకోవాలంటే నేను రెండోదాన్నే ఉంచుకుంటాను.

ఇదంతా మన త్రిగుణాలే కదా అనేవారూ ఉన్నారు. పోలిక ఉంది, తేడా కూడా చూడాలి. గీత పద్నాలుగో అధ్యాయంలో సత్త్వం, రజస్సు, తమస్సు ఒకదాన్నొకటి అణచి పైకి వస్తుంటాయి. అవి పాళ్లు, ఒకే మనిషిలో మారుతుండే పాళ్లు. వాడుకలో మనం వాటినీ ముద్రలు చేశాం, ‘ఆయన ఉత్త సాత్త్వికుడు’ అనేస్తాం. యూంగ్‌కు అమెరికాలో జరిగింది మన గుణాలకు మన నోటిలోనే జరిగింది.

ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయడానికి ఈ నాలుగక్షరాల పరీక్షను వాడటం తగదని దాన్ని నిర్వహించే సంస్థే చెబుతోంది. తరగతుల్లో దీన్ని రాయించే మన అధ్యాపకులు, శిక్షకులు పిల్లలకు ఆ మాట ముందే చెప్పాలి. రాసిన పిల్లలకు నా మనవి ఒకటి: మీకు వచ్చిన నాలుగక్షరాల కింద, రాని నాలుగక్షరాలు కూడా రాసి పెట్టుకోండి. యూంగ్ పుస్తకం ఎక్కువగా మాట్లాడింది వాటి గురించే.