ఏది తప్పు? ఎవరి తప్పు?: తెలుగు వ్యాసరచన పరీక్షా వివాదం - విద్యార్థికేంద్రిత పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలు ప్రధానంగా రచనాభాషకు సంబంధించిన వివాదంగా నమోదు చేశాయి. ఆ వివాదం తీవ్రరూపం దాల్చింది మాత్రం విద్యార్థి జవాబుపత్రం దగ్గర. 1910 దశకం తొలి సంవత్సరాలలో మద్రాసు రాజధానిలో తెలుగు వ్యాసరచన పరీక్ష చుట్టూ జరిగిన వాదాన్ని భాషామూల్యాంకన చరిత్రలో భాగంగా పరిశీలించడం, సమ్మిళిత భాషాపరీక్షకు అది ఇచ్చే పాఠాన్నీ దాని పరిమితినీ గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భాషాపరీక్ష, సప్రమాణత, గ్రాంథికం, శిష్టవ్యావహారికం, మాండలికం, సమ్మిళిత విద్య.

1. ఉపోద్ఘాతం:
భాషాపరీక్ష విద్యార్థి సామర్థ్యాన్ని కొలుస్తుందని సాధారణంగా భావిస్తాం. కొలవడానికి ముందే అది ఏ రూపం ఒప్పో, ఏ రూపం తప్పో నిర్ణయిస్తుంది. శామ్యూల్ మెస్సిక్ 1989లో సప్రమాణతను నిర్వచిస్తూ, పరీక్షాఫలితానికి మనం చెప్పే అర్థంతోపాటు దాని వినియోగం వల్ల కలిగే సామాజిక పర్యవసానాలను కూడా పరిగణించాలని ప్రతిపాదించారు. ఎలానా షోహమీ 2001లో వెలువరించిన గ్రంథంలో పరీక్షలను అధికారసాధనాలుగా విశ్లేషించారు. ఈ పరిభాష ఏర్పడక ముందే తెలుగు పండితులు ఇదే సమస్యను చర్చించారు.

2. వివాద నేపథ్యం:
పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853), 'బాలవ్యాకరణం' (1858) పాఠశాలల తెలుగు వచనానికి ఆదర్శాలుగా స్థిరపడ్డాయి. దీనివల్ల విద్యార్థి ఇంట మాట్లాడే భాషకూ, బడిలో రాయవలసిన భాషకూ మధ్య దూరం పెరిగింది. 'తమ్ముడు వచ్చాడు' అనే బాలుడు 'తమ్ముఁడు వచ్చెను' అని రాయాలి. అరసున్న, శకటరేఫం, ద్రుతసంధి నియమాలు అతని ఉచ్చారణలో లేవు. వాటిని కంఠస్థం చేయడం తప్ప వేరే మార్గం లేదు.

పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలలో ఈ అంతరాన్ని గమనించి, పుస్తకాల తెలుగు ప్రజలు మాట్లాడే తెలుగుకు ఎందుకు భిన్నంగా ఉందని ప్రశ్నించారు. గురజాడ అప్పారావు, గిడుగు వేంకట రామమూర్తి, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నకు స్పందించారు. గిడుగుకు ఈ సమస్య కొత్తది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు సిద్ధం చేశారు. తెలిసిన భాష నుంచి తెలియనిదానికి నడిపించడమే బోధన అన్న దృష్టి ఆయనకు ఆ అనుభవం నుంచే బలపడిందని భావించవచ్చు.

3. జవాబుపత్రంలో రెండు భాషలు:
దేశభాషలో వ్యాసరచన పరీక్షాంశంగా ప్రాధాన్యం పొందడంతో ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న అనివార్యమైంది. స్కూలు ఫైనలు విద్యార్థులు గ్రాంథికంలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునన్న అనుమతి కొంతకాలం లభించింది. దీన్ని వ్యతిరేకించినవారికి జయంతి రామయ్య పంతులు నాయకత్వం వహించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికవాదానికి వేదికైంది. 1913లో గిడుగు ఆధునిక భాషను సమర్థిస్తూ విజ్ఞాపన ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యుడైన గురజాడ, 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినా విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. పాఠశాల స్థాయిలో ఇచ్చిన అనుమతి కూడా నిలవలేదు. 1915 నవంబరులో గురజాడ మరణించేనాటికి పరీక్షారంగంలో వ్యావహారికవాదం ఓడిపోయింది.

4. కొలిచింది ఏమిటి?:
గ్రాంథికవాదుల వాదాన్ని కేవలం ఛాందసంగా తోసిపుచ్చడం చారిత్రకంగా సరికాదు. వాడుకభాష ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి మారుతుంది, కావ్యభాష అందరికీ ఒకటే కాబట్టి దాన్నే ప్రమాణంగా ఉంచాలని వారు వాదించారు. పరీక్షాశాస్త్రం దృష్ట్యా ఇది సమానత్వ వాదమే. అందరికీ ఒకే కొలబద్ద ఉండాలన్నది దాని సారాంశం.

అయితే కొలబద్ద ఒకటైనంత మాత్రాన పరీక్ష న్యాయమైనది కాదు. ఇంట పండితవాతావరణం ఉన్న విద్యార్థికి గ్రాంథికం చెవికి అలవాటైనదే. మొదటి తరం విద్యార్థికి అది దాదాపు పరభాష. వ్యాసరచన పరీక్ష ఆలోచననూ, విషయక్రమాన్నీ, వ్యక్తీకరణనూ కొలవవలసి ఉండగా, వాస్తవంలో ప్రాచీన రూపాల జ్ఞాపకాన్ని కొలిచింది. పరీక్షించదలచిన సామర్థ్యంతో సంబంధం లేని అంశం మార్కులను శాసించడాన్ని నేటి శాస్త్రం సప్రమాణతా లోపంగా గుర్తిస్తుంది. పండితులే తమ రచనలలో బాలవ్యాకరణ నియమాలను పాటించలేకపోతున్నారని గిడుగు ఉదాహరణలతో నిరూపించారు. పరీక్షకుడు నిలబెట్టుకోలేని ప్రమాణాన్ని విద్యార్థిపై విధించడం ఎలా న్యాయమన్నది ఆ విమర్శలోని అసలు ప్రశ్న.

5. శిష్టత అనే కొత్త సరిహద్దు:
తరువాతి దశాబ్దాలలో పత్రికలు, సృజనసాహిత్యం వ్యావహారికాన్ని స్థిరపరిచాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ద్వారా కళాశాల పాఠ్యగ్రంథాలలోనూ ఆధునిక భాష నెలకొన్నది. కాని గెలిచింది శిష్టవ్యావహారికం. దానికి ఆధారం ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల వాడుక. నాటి వివాదం మద్రాసు రాజధానిలో జరిగింది. నిజాం రాష్ట్రంలోని తెలంగాణ విద్యార్థి ఆ చర్చలో భాగస్వామి కాడు. 1956 తరువాత అతడు 'తమ్ముడు వచ్చిండు' అని రాస్తే, ఒకప్పుడు 'వచ్చాడు' అన్న రూపానికి పడిన ఎర్రగీతే దానికీ పడింది. సవర, కోయ, గోండి మాతృభాషలుగా గల పిల్లలకు 'వచ్చాడు', 'వచ్చిండు' రెండూ బడిలో నేర్చుకోవలసినవే.

గ్రాంథికవాదులు చూపిన వైవిధ్యం నిజమైన సమస్యే. దాన్ని వారు కావ్యభాషతో కప్పారు. వారి ప్రత్యర్థులు శిష్టతతో పరిష్కరించామనుకున్నారు. ఆ వైవిధ్యాన్ని మూల్యాంకన విధానంలోనే గుర్తించవలసిన పని ఇంకా మిగిలి ఉంది.

6. ముగింపు:
విద్యాహక్కు చట్టం (2009) సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధననూ, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నీ నిర్దేశించింది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) అదనపు సమయం, లేఖకుని సహాయం, ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు వంటి సౌకర్యాలను పేర్కొన్నది. ఇవి అవసరమైన రక్షణలు. అయితే మినహాయింపు విద్యార్థిని పరీక్ష నుంచి తప్పిస్తుంది గాని పరీక్షను మార్చదు. 1914 నాటి ప్రశ్న పరీక్షను మార్చడం గురించినది.

అందుచేత వ్యాసరచన మూల్యాంకనంలో భావానికీ, క్రమానికీ, భాషారూపానికీ మార్కులు విడివిడిగా కేటాయించడం, ఏ మాండలిక రూపాలు అంగీకార్యమో పరీక్షకు ముందే ప్రకటించడం, ప్రామాణికరూప పరిజ్ఞానాన్ని కొలవదలిస్తే దానికి ప్రత్యేక ప్రశ్న ఉంచడం సమంజసం. విద్యార్థులకు రెండు భాషల మధ్య ఎంపిక ఇచ్చిన నాటి ఉత్తర్వు కొద్దికాలానికే రద్దయింది. మూల్యాంకనం చేసేవారి దృష్టి మారనిదే ఉత్తర్వు నిలవదని ఆ చరిత్ర తెలుపుతున్నది. నేడు జవాబుపత్రాలు దిద్దే అధ్యాపకులుగా ఆ బాధ్యత మనపై ఉంది.