కాసెల్ ఊరి నల్లరాళ్లు

1982లో పశ్చిమ జర్మనీలోని కాసెల్ నగరంలో ‘డాక్యుమెంటా’ కళాప్రదర్శనకు వచ్చినవారికి మ్యూజియం ఎదుటి మైదానంలో 7000 నల్లరాళ్ల గుట్ట కనిపించింది. దాన్ని పోయించినవాడు యోజెఫ్ బాయిస్ అనే శిల్పి. ఆయన షరతు ఒక్కటే: ఊళ్లో ఒక మొక్క నాటితేనే గుట్టలోంచి ఒక రాయి కదలాలి, ఆ రాయిని మొక్క పక్కనే పాతాలి.

చెట్లు నాటించడం కొత్త కాదు. అశోకుడి పాఠం మనమంతా బళ్లో వల్లించినదే. కొత్తదల్లా ఆ గుట్ట. నాటని మొక్కలన్నీ ఊరి నడుమ రాళ్లై కూర్చున్నాయి. బాకీ ఎంతుందో దారిన పోయేవాడికీ తెలిసేది. కార్లు నిలిపే చోటు పోతోందని గొణిగినవారూ లేకపోలేదు. ఖర్చుల కోసం బాయిస్ రష్యా జార్ ఇవాన్ కిరీటానికి నకలుగా చేసిన బంగారు కిరీటాన్ని జనం ఎదుటే కరిగించి, కుందేలు బొమ్మగా పోతపోసి అమ్మాడు. కిరీటం పోయి కుందేలు రావడం కొందరికి కోపం తెప్పించింది. నాకు మాత్రం ముచ్చటేసింది.

1986 జనవరిలో ఆయన కన్నుమూసేనాటికి పని పూర్తికాలేదు. 1987 జూన్‌లో కొడుకు వెంట్సెల్ చివరి ఓక్ మొక్కను, తండ్రి నాటిన మొదటి మొక్క పక్కనే నాటాడు. మైదానం ఖాళీ అయింది.