స్ఫటికంపై దానశాసనం

గుంటూరు నుండి నంద్యాలకు పోయే రైలుమార్గంలో దొనకొండ స్టేషను ఉన్నది. ఆ మండలంలోనే, గుండ్లకమ్మ ఒడ్డున, చందవరమనే గ్రామం కలదు. అక్కడి గుట్టపై బౌద్ధస్తూపమున్న సంగతిని 1964లో వేలూరి వేంకట కృష్ణశాస్త్రిగారు గుర్తించారు. 1972 నుండి జరిగిన త్రవ్వకాలలో మహాస్తూపమూ, దాని చెంతనే అనేక చిన్న స్తూపాలూ బయల్పడ్డాయి.

స్తూపానికి ప్రాణం దాని గర్భంలో నిక్షేపించే ధాతువు. ఆ ధాతువును ప్రాచీనాంధ్రులు ఎటువంటి పాత్రలో, ఎంత శ్రద్ధతో భద్రపరచేవారో తెలియాలంటే మనం చందవరం నుండి తూర్పుగా, కృష్ణాతీరమందలి భట్టిప్రోలు దాకా పోవాలి.

భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా మూడు రాతి భరిణెలు దొరికాయి. రాతి భరిణె లోపల స్ఫటికపు భరిణె, దానితోపాటు బంగారు పూవులు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. రాతిపై చెక్కిన శాసనాలలో కుబీరకుడనే రాజు పేరు కనబడుతున్నది. వీటిని చదివి ప్రకటించిన పండితుడు బ్యూలర్. క్రీస్తుకు పూర్వం 3వ లేక 2వ శతాబ్దానివని పలువురి అభిప్రాయం.

ఆ నిక్షేపంలోనే ఆరు పలకల స్ఫటికం ఒకటి ఉన్నది. దానిపైనా సన్నని గీతలతో అక్షరాలు చెక్కారు. బ్యూలర్ పఠనాన్ని అనుసరించి, అది నందపురపు స్త్రీలూ, సువణమాహకు చెందిన శ్రామణేరులూ కలిసి ఇచ్చిన దానం.

శ్రోతలు ఒక్కక్షణం ఆ పనివాని ఎదుట కూర్చున్నట్లు భావించండి. స్ఫటికం ఇనుప ఉలికి లొంగదు. దానిని కోయాలన్నా, తొలచాలన్నా అంతకంటె కఠినమైన పొడి కావాలి. అందుకు మన దేశంలో కురువిందం వాడేవారు. పొడిని నీటితో తడిపి, రాయిపై రుద్ది రుద్ది, రోజుల తరబడి అరగదీయాలి. చేయి ఏమాత్రం తొందరపడినా రాయి బీటవారుతుంది. మట్టికుండకు పూత పూసి లోపం కప్పవచ్చును. స్ఫటికంలో లోపలి పగులు కూడ వెలుపలికి కనబడుతుంది. కనుక ఈ పనిలో నైపుణ్యమెంత అవసరమో, నిజాయితీ అంత అవసరం.

నేడు స్ఫటికాన్ని ధరిస్తే మనశ్శాంతి కలుగుతుందని నమ్మేవారున్నారు. ఆ నమ్మకాన్ని గురించి వాదించడం నా ఉద్దేశం కాదు. భట్టిప్రోలు స్ఫటికానికి అర్థమిచ్చినవి మాత్రం రెండు: దానిని అరగదీసినవాని ఓర్పు, ఇచ్చినవారి మనస్సు. పనివాని పేరు మనకు దక్కలేదు. ఆ స్త్రీలు కూడ తమ పేర్లను విడివిడిగా చెక్కించుకోలేదు, ఊరిపేరు చాలుననుకున్నారు. పైగా ఆ స్ఫటికాన్ని ఎవరూ చూడరాని చోట, స్తూపగర్భంలో దాచారు.

దానంగా ఇచ్చిన వస్తువుకు వెల కడితే ఏమవుతుందో చందవరమే చెబుతున్నది. అక్కడినుండి అపహరింపబడిన శిల్పఫలకం ఒకటి చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయింది. అది దొంగసొత్తని తేలిన మీదట 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది. బుద్ధుని కొలిచే భక్తుల శిల్పమది. దొనకొండలో రైలు దిగేవారు చందవరం గుట్టనెక్కినప్పుడు, ఆ ఫలకాన్నీ, పేరు చెప్పుకోని నందపురపు స్త్రీలనూ ఒకసారి తలచుకోవలెనని నా మనవి.