రాక్సాన్ షాంటే

రాక్సాన్ షాంటే (జననం: 1969 నవంబరు 9) అమెరికన్ ర్యాప్ గాయని. అసలు పేరు లొలీటా షాంటే గుడెన్. 1984లో పద్నాలుగేళ్ల వయసులో ఆమె పాడిన ‘రాక్సాన్స్ రివెంజ్’, ర్యాప్ రికార్డుల్లో సవాలు–జవాబుల ఒరవడికి ఊపునిచ్చింది. అప్పటికప్పుడు మాట అల్లి ఎదుటివాణ్ని నిలదీయడం ఆమె అసలు విద్య. రికార్డు పరిశ్రమ ఆ విద్యను మొదటి పాటలో పట్టుకున్నంత బాగా మళ్లీ పట్టుకోలేకపోయింది.

షాంటే పెరిగింది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్‌లో. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం లేదు. అక్కడి పిల్లలకు ఎదురెదురుగా నిలబడి ప్రాసలతో ఎత్తిపొడుచుకోవడం పెద్ద కాలక్షేపం. నల్లజాతి సమాజంలో అంతకు ముందునుంచే ‘డజన్స్’ అనే దెప్పిపొడుపుల ఆట ఉంది. షాంటే చిన్న వయసులోనే ఇందులో ఆరితేరింది. అదే సముదాయంలో ఉండే డీజే మార్లీ మార్ల్ తన అపార్ట్‌మెంట్‌నే స్టూడియోగా మార్చుకున్నాడు.

1984లో యూటీఎఫ్‌వో అనే బ్రూక్లిన్ బృందం ‘రాక్సాన్, రాక్సాన్’ అనే పాట విడుదల చేసింది. రాక్సాన్ అనే అమ్మాయి వెంట పడి, ఆమె పట్టించుకోకపోయేసరికి ఉడుక్కునే ముగ్గురు మగవాళ్ల గోడు అది. పాట హిట్టయింది. రేడియో వ్యాఖ్యాత మిస్టర్ మ్యాజిక్, మార్లీ మార్ల్, మేనేజర్ టైరోన్ విలియమ్స్ కలిసి పెట్టుకున్న ఒక కార్యక్రమానికి వస్తామన్న ఆ బృందం చివరికి రాలేదు. నిర్వాహకులు ఆ కోపంలో మాట్లాడుకుంటుంటే విన్న షాంటే, నేను రాక్సాన్‌నై జవాబు చెబుతానంది. యూటీఎఫ్‌వో వాళ్ల బాణీ మీదే, కాగితం ముక్క లేకుండా, ఒకే టేకులో పాడేసింది. బట్టలు ఉతకడానికి వెళుతూ మధ్యలో ఆగి పాడిందని కథ. ఫిలడెల్ఫియాకు చెందిన పాప్ ఆర్ట్ సంస్థ దాన్ని విడుదల చేసింది. బాణీ తమదని అవతలివాళ్లు అభ్యంతరం చెప్పడంతో తర్వాత వేరే బీటు మీద మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది.

‘రాక్సాన్స్ రివెంజ్’లో పల్లవి అంటూ చెప్పుకోదగ్గది లేదు. ముగ్గురు మగవాళ్లనూ ఒకరి తర్వాత ఒకరిని పేరుపెట్టి పిలిచి, ఎవరి వాటా వాళ్లకు వడ్డిస్తుంది. గొంతు సన్నం, కీచు. ఇంకా పసితనం పోలేదు. ఆ గొంతులోంచి అంత ధీమా రావడమే వినేవాళ్లను కట్టిపడేసింది. అక్కడక్కడా ఊపిరి అందదు, లయ ముందుకు తూలుతుంది, ప్రాస కోసం మాట వంకర పోతుంది. స్టూడియోలో తీరిగ్గా కూర్చుని ఉంటే ఇవన్నీ సరిచేసేవారు. సరిచేసి ఉంటే వీధి అరుగు మీద తగువాడుతున్న పిల్ల మాయమై ఒక మామూలు గాయని మిగిలేది. అవధానం ఎరిగిన తెలుగువాళ్లకు ఆశువులోని ఈ తడబాటు లోపంగా కనిపించదు.

తర్వాత జరిగిందాన్ని ‘రాక్సాన్ వార్స్’ అంటారు. యూటీఎఫ్‌వో నిర్మాతలైన ఫుల్ ఫోర్స్ ‘ద రియల్ రాక్సాన్’ పేరుతో మరో అమ్మాయిని దించారు. స్పార్కీ డీ అనే మరో ర్యాపర్ షాంటేను తిడుతూ రికార్డు చేసింది. 1985లో ఇద్దరూ ఒకే రికార్డు మీద తలపడ్డారు. చివరికి రాక్సాన్ బంధువులూ అమ్మానాన్నలూ పాడినట్టుగా కూడా డజన్ల కొద్దీ పాటలు పుట్టుకొచ్చాయి. వీటిలో చాలావాటిని ఇప్పుడు వినాల్సిన పనిలేదు.

1985లో న్యూ మ్యూజిక్ సెమినార్‌లో జరిగిన ర్యాప్ పోటీలో షాంటే ఫైనల్‌కు చేరి బిజీ బీ చేతిలో ఓడింది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన కర్టిస్ బ్లో ఆమెకు మరీ తక్కువ మార్కులు వేశాడు. ఆడపిల్ల గెలిస్తే ర్యాప్‌ను ఎవరూ గౌరవించరన్న భయంతోనే అలా చేశాడని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది.

మార్లీ మార్ల్ చుట్టూ చేరిన ‘జ్యూస్ క్రూ’లో ఎంసీ షాన్, బిజ్ మార్కీ, బిగ్ డాడీ కేన్, కూల్ జీ ర్యాప్‌లతో పాటు షాంటే కూడా ఉంది. బూగీ డౌన్ ప్రొడక్షన్స్ అనే మరో ర్యాప్ బృందంతో జ్యూస్ క్రూకు నడిచిన వైరంలో ఆమె వంతు ‘హ్యావ్ ఎ నైస్ డే’ (1987). దీన్నీ ‘గో ఆన్ గర్ల్’ (1988)నూ రాసింది బిగ్ డాడీ కేన్. మాటల అల్లిక గట్టిపడింది, ఉచ్చారణకు పదునొచ్చింది, గొంతు ముదిరింది. సాంకేతికంగా ఆమె ఉత్తమ రికార్డులు ఇవే కావచ్చు. కానీ వాటిలోని చమత్కారం కేన్‌ది, పొగరు మాత్రమే ఆమెది. 1988లోనే రిక్ జేమ్స్‌తో పాడిన ‘లూసీస్ ర్యాప్’ బిల్‌బోర్డ్ బ్లాక్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. తొలి ఆల్బమ్ ‘బ్యాడ్ సిస్టర్’ 1989లో గానీ రాలేదు. ‘రాక్సాన్స్ రివెంజ్’ తర్వాత అయిదేళ్లు ఆలస్యం. అప్పటికి ఎంసీ లైట్, సాల్ట్-ఎన్-పెపా, క్వీన్ లతీఫా వంటి మహిళా ర్యాపర్లు వచ్చేశారు. 1992లో రెండో ఆల్బమ్ వెలువడింది. అందులోని ‘బిగ్ మామా’లో తన తర్వాత వచ్చిన మహిళా ర్యాపర్లను వరసబెట్టి చెరిగేసింది. పాతికేళ్లు వచ్చేసరికి రంగం నుంచి తప్పుకుంది.

ఆమె గురించి ప్రచారంలో ఉన్న ఒక కథను మాత్రం పక్కన పెట్టాలి. పాత ఒప్పందంలోని షరతును పట్టుకుని రికార్డు కంపెనీ చేత ఫీజులు కట్టించుకుని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిందని 2009లో న్యూయార్క్ డైలీ న్యూస్ రాసింది. అదే ఏడాది స్లేట్ పత్రిక ఆరా తీస్తే ఆమెకు డిగ్రీ ఇచ్చినట్టు కార్నెల్ దగ్గర దాఖలా లేదని తేలింది. అయినా ఆ కథ ఇప్పటికీ చెలామణిలో ఉంది.

ఆమె జీవితం ఆధారంగా మైఖేల్ లార్నెల్ తీసిన ‘రాక్సాన్ రాక్సాన్’ 2017లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. షాంటేగా నటించిన షాంటే ఆడమ్స్‌కు అక్కడ ప్రత్యేక జ్యూరీ బహుమతి దక్కింది. 2025లో రికార్డింగ్ అకాడమీ రాక్సాన్ షాంటేకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. బృందంతో కాక ఒంటరిగా పాడే మహిళా ర్యాపర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.