కత్తుల కథలో బియ్యం బస్తాలు

బంగాళాఖాతంలో ఫ్రెంచి ప్రైవేటీర్ల సంగతి ఎత్తితే వినబడేవి సాహసగాథలే. వాటిలో బియ్యం బస్తా కనబడదు. నా పేచీ అక్కడే.

తొలి దశ తెలిసిందే. యుద్ధం వస్తే రాజు అనుమతి పత్రం ఇచ్చేవాడు. షావుకార్లు ఓడకు ఫిరంగులెక్కించి శత్రువు సరుకు పట్టేవారు. 1759లో మచిలీపట్నం పోయాక మన తీరాన ఫ్రెంచివారికి మిగిలింది యానాం వంటి చిన్న స్థావరమే. 1793లో ఇంగ్లీషువారితో మళ్లీ యుద్ధం మొదలైనప్పుడు వేటకు ఆధారమైంది మారిషస్.

ఆ దీవి బయటి ధాన్యం మీద ఆధారపడేది. ఇంగ్లీషు నౌకలు సముద్రాన్ని కాస్తుంటే ఆ ధాన్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? వేటలో చిక్కిన ఓడల నుంచే. ఫ్రెంచి ప్రైవేటీరు రాబర్ట్ సుర్కూఫ్ 'ఎమిలీ' ఓడ మీద బయల్దేరినప్పుడు మారిషస్ గవర్నరు మలార్తిక్ అతనికి వేట పత్రం ఇవ్వలేదు. అయినా 1796 జనవరిలో హుగ్లీ ముఖద్వారం దగ్గర 'కార్టియర్' అనే పైలట్ ఓడను, అది దారి చూపుతున్న రెండు బియ్యం ఓడలను పట్టుకున్నాడు. ఆ పైలట్ ఓడలోకే మారి, కొద్దిరోజులకు 'డయానా' అనే మరో బియ్యం ఓడను, ఆపైన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పెద్ద ఓడ 'ట్రైటన్'ను వశం చేసుకున్నాడు. పత్రం లేదన్న కారణంతో మారిషస్‌లో పాలకులు అతని పట్టుబళ్లను జప్తు చేశారు. అతను ఫ్రాన్సు వెళ్లి వాదించి పరిహారం తెచ్చుకున్నాడు. దొంగకూ దొరకూ మధ్య తేడా ఒక కాగితమేనన్నమాట!

అన్నిటికీ బియ్యమే కారణమని నేననను. 1800 అక్టోబరులో అతని 'కాన్ఫియాన్స్' పట్టిన 'కెంట్' ఇంగ్లండు నుంచి వస్తున్న ఓడ, అక్కడున్నది లాభాపేక్షే. 1804 సెప్టెంబరు విశాఖపట్నం పోరునూ ఈ లెక్కలో కలపకూడదు. అక్కడ ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ నడిపింది ప్రభుత్వ యుద్ధనౌకల దళం, ప్రైవేటు వేట కాదు. ఇంగ్లీషు యుద్ధనౌక 'సెంచూరియన్'తో తలపడి, వర్తక ఓడ 'ప్రిన్సెస్ షార్లెట్'ను పట్టుకుని వెళ్లిపోయాడు.

1810 డిసెంబరులో మారిషస్ ఇంగ్లీషువారి చేత చిక్కడంతో ఈ సముద్రంలో ఆ వేటకు వేరు తెగింది. ప్రైవేటీర్లను ఓడించింది ఇంగ్లీషు నావికుల పరాక్రమం ఒక్కటే కాదు, రేవు లేకపోవడం కూడా. ప్రైవేటు వేటను నిషేధించిన 1856 పారిస్ ప్రకటన వచ్చేసరికి ఇక్కడ నిషేధించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

నేడు ఫ్రాన్సులోని సాన్-మాలోలో సుర్కూఫ్ విగ్రహం నిలబడి ఉంది. అతను బానిసల వ్యాపారం చేసినవాడన్న సంగతి ఆ గర్వానికి అడ్డు రావడం లేదు. 'ట్రైటన్'కు పేజీలు కేటాయించే కథకులు బియ్యం ఓడలను ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. నా దృష్టిలో ఆ కొలత తలకిందులైనది.