చావవు, ముసలివి కావు

తిరుమల గర్భాలయంలోని మూలవిరాట్టును వైఖానస ఆగమం ధ్రువబేరం అంటుంది. బేరమంటే ఇక్కడ విగ్రహం. కదలదు గనక ధ్రువం. నిలకడగా ఉండడమే ఆ మాటలోని ధాతువుకు అర్థం. కదలవలసిన పనులకు వేరే నాలుగు మూర్తులున్నాయి. రాత్రి ఏకాంతసేవలో పవ్వళించేది భోగ శ్రీనివాసుడు. రోజూ పంచాంగమూ ముందునాటి రాబడి లెక్కా వినేది కొలువు శ్రీనివాసుడు. వీధుల్లో ఊరేగేది మలయప్ప. ఉగ్ర శ్రీనివాసుడు ఏడాదికొక్కసారి, కైశిక ద్వాదశినాడు, తెల్లవారకముందే బయటికొచ్చి వెళ్లిపోతాడు.

అదే ధ్రువం కొండ దిగి మండలాఫీసుకు చేరి ధ్రువీకరణ పత్రమైంది. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి గడువు కూడా ఉంటుంది. గడువున్న ధ్రువం మన కార్యాలయాల సొంత సృష్టి.

తిరుపతి వాళ్ల నోట ఎక్కువగా నలిగేది మాత్రం నిత్యం. నిత్యపూజ, నిత్యాన్నదానం, నిత్యకల్యాణం పచ్చతోరణం. వేదభాషలో నిత్యమంటే మొదట సొంతది, లోపలిది, పరాయిది కానిది. తరువాత వ్యాకరణవేత్త కాత్యాయనుడు తన వార్తికంలో 'ని'కి ప్రత్యయం చేర్చి, ధ్రువమనే అర్థంలో ఈ మాటను సాధించాడు. పతంజలి దగ్గరికి వచ్చేసరికి ఇంకో ముఖం కనిపిస్తుంది. ఎప్పుడూ నవ్వుతుండేవాణ్ని, ఎప్పుడూ వాగుతుండేవాణ్ని కూడా లోకం 'నిత్య' చేర్చే చెబుతుందని ఆయన గుర్తుచేస్తాడు. అంటే కదలనిదీ నిత్యమే, మళ్లీ మళ్లీ జరిగేదీ నిత్యమే. తెలుగు ఈ రెండో అర్థాన్నే గట్టిగా పట్టుకుంది. నిత్యం చచ్చేవాడికి ఏడ్చేదెవరు అనే సామెతలో నిత్యానికి శాశ్వతమనే అర్థం పెట్టి చూడండి, నవ్వొస్తుంది. చిత్తూరు పల్లెల్లో 'దినామూ' అనే మాట చేసే పని అక్కడ నిత్యం చేస్తోంది.

ఈ నిత్యానికి మినహాయింపులూ ఉన్నాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆర్జిత కల్యాణోత్సవం ఉండదు. ధనుర్మాసమంతా సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. 2020 మార్చిలో భక్తుల దర్శనం ఆపేసినా పూజలు ఏకాంతంగా సాగాయి. చూసేవాళ్లు లేకపోయినా నిత్యం చెడలేదు, చేసేవాళ్లున్నారు గనక.

చేసేవాళ్ల సంగతి పాత శాసనాలకు బాగా తెలుసు. దానం ఎంతకాలం చెల్లాలో చెప్పడానికి అవి 'ఆచంద్రార్కం' అంటాయి, సూర్యచంద్రులు ఉన్నంతవరకు అని. అది మర్యాద మాట. అసలు ఏర్పాటు ఆ పక్కనే ఉంటుంది. తిరుపతి సీమ ఒకప్పటి తొండమండలంలో భాగం. తొండమండలపు చోళ శాసనాల్లో గుడికి అఖండదీపం పెట్టేవాడు 90 గొర్రెలో 96 గొర్రెలో ఇస్తాడు. వాటిని కాపరికి అప్పగిస్తారు. వాడు రోజుకు ఒక ఉళక్కు నెయ్యి గుడికి కొలవాలి. ఆ గొర్రెలను శాసనం 'సావా మూవా పేరాడు' అంటుంది: చావని, ముదియని గొర్రెలు. మన చావుకూ ముదిమికీ చుట్టాలే ఆ తమిళ మాటలు. గొర్రె చావకపోవడమేమిటి? చస్తుంది, కానీ లెక్కలో చావదు. ముసలిది పోతే పిల్ల దాని స్థానంలోకి వస్తుంది, మంద ఎప్పుడూ తొంభయ్యే. కాపరి కొడుక్కీ, వాడి కొడుక్కీ అదే మంద, అదే ఉళక్కు. శాశ్వతానికి ఇంత నిక్కచ్చి నిర్వచనం నాకు వేదాంత గ్రంథాల్లో దొరకలేదు.

విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో గొర్రెల స్థానంలోకి నీళ్లు వస్తాయి. భక్తుడిచ్చిన సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తుంది. పెరిగిన పంటలోంచి అతని పేరిట నైవేద్యం నడుస్తుంది. కట్ట తెగితే నైవేద్యం ఆగుతుంది. సూర్యచంద్రుల పూచీ ఒండ్రు తీసేవాడి పార మీద ఆధారపడి ఉంది.

అచ్చతెలుగులోకి వస్తే చిత్రంగా ఉంటుంది. నిలకడ, కలకాలం లాంటివి పక్కన పెడితే, మిగతా నిలిచే గుణాలన్నిటినీ మనం 'కానిది' అనే చెబుతాం. ఆరని దీపం, వాడని పువ్వు, తరగని సిరి, చెరగని ముద్ర, మాయని మచ్చ, వీడని స్నేహం. ఒక్కోదానికి ఒక్కో చావు ముందే తెలుసు. ఆ చావును కాదనడమే దాని శాశ్వతత్వం. అందుకే వాడని దీపం అనలేం, ఆరని పువ్వు అనలేం. సంస్కృతం కూడా అక్షయం, అచలం, అచ్యుతం అంటూ ఇదే దారిలో నడిచినా, దాని అక్షయాన్ని దేనికైనా తగిలించవచ్చు. తెలుగు అలా ఒప్పుకోదు. ఏది ఎలా చెడుతుందో తెలిసినవాడే దానికి విశేషణం పెట్టగలడు. ఉపన్యాసాల్లో ప్రతిదానికీ 'శాశ్వత' తగిలించే అలవాటు మీద నా ఫిర్యాదు ఇదే. శాశ్వత పరిష్కారం అన్నప్పుడు ఏది చెడకుండా కాపాడతారో ఆ మాట చెప్పదు.

ధ్రువం మిగిలి నిత్యం తెగిపోతే ఏమవుతుందో తిరుమలలోనే చూడవచ్చు. 1503లో అన్నమయ్య పోయాడు. తాళ్లపాక కవుల కీర్తనలు రాగిరేకుల మీదికెక్కి, గుడిలోని సంకీర్తన భాండారంలో భద్రపడ్డాయి. రాగి చెడలేదు, అక్షరం చెరగలేదు. తరిగొండ వెంగమాంబ పేరిట హారతి రోజూ ఏకాంతసేవలో నడిచింది, నడుస్తోంది. అన్నమయ్య పాటల్లో చాలావాటికి అలా రోజూ పాడే వాడుక లేకపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు రేకులను చదివేనాటికి ప్రతి పాటకూ రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని కొత్తగా స్వరపరిచారు. ఇవాళ మనం వింటున్న వరుసల్లో చాలా భాగం ఆ శతాబ్దంలో కట్టినవే.